నవ్వు చాటున వచ్చిన పలుకు: తెలంగాణ హాస్య ప్రసారకుల చరిత్ర

హైదరాబాదు నుంచి ముంబయి వెళ్లే జాతీయ రహదారి పటాన్‌చెరు దాటి పోతిరెడ్డిపల్లి చౌరస్తాకు చేరినచోట ఒక దారి సంగారెడ్డి పట్టణంలోకి మళ్లగా, అసలు రహదారి జహీరాబాదు మీదుగా కర్ణాటక సరిహద్దు వైపు సాగుతుంది. ఈ దారి పొడవునా వినిపించే తెలుగు ఉర్దూతోనూ కన్నడంతోనూ తరతరాలుగా కలిసి పెరిగింది; భెల్, ఇక్రిశాట్ వంటి సంస్థలూ పటాన్‌చెరు పారిశ్రామికవాడా వచ్చాక దానికి కోస్తా జిల్లాల తెలుగూ, ఉత్తరాది హిందీ తోడయ్యాయి. ఇక్కడి జనం నిత్యం మాట్లాడే ఈ పలుకును రేడియో, టెలివిజన్ చాలాకాలం హాస్యం రూపంలోనే లోపలికి రానిచ్చాయి. కాబట్టి తెలంగాణ ప్రసార చరిత్రను నవ్వించినవారి చరిత్రతో కలిపి చదవవలసి ఉంటుంది.

ఆ హాస్యానికి మూలం స్టూడియోలలో లేదు. ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, చేతిలో కట్టె తుపాకితో ఊరూరా తిరుగుతూ, తనకు లేని ఆస్తులనూ చేయని ఘనకార్యాలనూ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయే సంచార కళాకారుణ్ణి తెలంగాణలో పిట్టల దొర అని, తుపాకి రాముడని, లత్కోర్ సాబ్ అని పిలుస్తారు. దొరల డాబునూ అధికారుల దర్పాన్నీ తన గొప్పల్లోకి మలుచుకుని, వారి ఎదుటే వారిని వెక్కిరించగలిగిన ఈ ఏకపాత్రధారికి ఉన్న ఆయుధం నోటి ధాటి ఒక్కటే. ఊరి పలుకులో, ఊరివాళ్ల ముందు, ఆనాటి సంగతులను కలుపుతూ అప్పటికప్పుడు మాట అల్లడం ఆయన వృత్తిలోని కీలకం. తర్వాతి కాలపు హాస్య ప్రసారకుడికి కావలసిన నేర్పూ అదే.

రేడియో మాత్రం వేరే దారి పట్టింది. నిజాం ప్రభుత్వం 1935లో నడపడం మొదలుపెట్టిన దక్కన్ రేడియో ప్రధానంగా ఉర్దూ కేంద్రం కాగా, 1950లో అది ఆకాశవాణిలో విలీనమయ్యాక తెలుగుకు ప్రాధాన్యం పెరిగింది. అయితే ఆ తెలుగు శిష్ట వ్యావహారికం, అంటే గిడుగు వెంకట రామమూర్తి ఉద్యమ ఫలితంగా గ్రాంథికాన్ని తోసిపుచ్చి నిలబడిన చదువరుల వాడుక భాష. ఆచరణలో అది కృష్ణా గోదావరి మండలాల నుడికారానికే దగ్గరగా స్థిరపడింది. పలుకుబడుల భాష, అంటే జనం నోట పలికే భాష, కావాలని వరంగల్లు నుంచి కాళోజీ నారాయణరావు వాదిస్తూనే ఉన్నా, వార్తల గొంతు మారలేదు. ఇక బుల్లితెర విషయానికి వస్తే, 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ అనే ఉపగ్రహ బోధనా ప్రయోగం ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజన్‌ను చేర్చింది. అప్పటి మెదక్ జిల్లా పల్లెలు కూడా అందులో ఉన్నాయి. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం ఇంకా ప్రారంభం కాకముందే పల్లెల్లో కోడిజాలీ వంటి తీగ అల్లికతో చేసిన యాంటెనాల కింద జనం గుమికూడి బొమ్మలు చూశారన్నది ఈ ప్రాంత చరిత్రలో మరువరాని విషయం.

ఈ దశాబ్దాలలోనే, పలుకుబడి వాదాలతో నిమిత్తం లేకుండా, గొంతునే ఒక కళగా నిలబెట్టినవాడు నేరెళ్ల వేణుమాధవ్. 1932 డిసెంబరు 28న వరంగల్లులో జన్మించిన ఆయన ధ్వన్యనుకరణను, అంటే మనుషుల గొంతులనూ జంతువుల, యంత్రాల చప్పుళ్లనూ నోటితో పలికించే విద్యను, విందు వినోదాల స్థాయి నుంచి సభావేదిక స్థాయికి తెచ్చాడు. హాలీవుడ్ చిత్రాల సన్నివేశాలను మాటలూ సంగీతమూ గుర్రపు డెక్కల చప్పుడుతో సహా ఒంటిగా వినిపించడం ఆయన ప్రత్యేకత. 1972లో శాసనమండలి సభ్యుడై, 2001లో పద్మశ్రీ అందుకుని, 2018 జూన్ 19న కన్నుమూసిన ఆయన జీవితం నుంచి తరువాతివారు నేర్చుకున్న పాఠం ముఖ్యమైనది: నవ్వించడం కూడా సాధనతో వచ్చే విద్యే, దానితో గౌరవంగా బతకవచ్చు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం సాగుతుండగా 2012లో వచ్చిన వీ6 ఛానల్‌తో పరిస్థితి మారింది. పెళ్లి బరాతుల్లో, ఊరేగింపుల్లో కాళ్లను కదిలించే డప్పు దరువైన తీన్మార్ పేరే పెట్టుకున్న ఆ ఛానల్ వార్తా కార్యక్రమం, రోజువారీ రాజకీయాలను ఇంటి అరుగు మీది ముచ్చట్లలా తెలంగాణ పలుకులో చెప్పింది. సావిత్రక్కగా శివజ్యోతి, బిత్తిరి సత్తిగా చేవెళ్ల రవికుమార్ దానికి ముఖాలయ్యారు. సంగారెడ్డి జిల్లాకు పొరుగునున్న రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం పామెనకు చెందిన రవికుమార్ మలచిన సత్తి లోకజ్ఞానం లేనివాడిలా, ప్రతిదానికీ బిత్తరపోయేవాడిలా కనిపిస్తాడు. కానీ తెలియనివాడు అడిగే ప్రశ్నకే ఎదుటివాడు దాపరికం లేకుండా జవాబిస్తాడు గనుక ఆ అమాయకత్వం ఎంతో ఆలోచించి ఎంచుకున్న పరికరం. ఆయన 2019లో కథానాయకుడిగా నటించిన చిత్రం పేరు తుపాకి రాముడు కావడం యాదృచ్ఛికంగా తోచదు. ఆయన వీ6 నుంచి టీవీ9కూ, అక్కడి నుంచి సాక్షి టీవీకీ మారినా పాత్ర వెంట వచ్చింది. ప్రేక్షకులు ఛానల్‌ను కాక మనిషిని అనుసరించారు.

ఇటువంటి మలుపు ఇతర దేశాలలోనూ కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో 1932లో ఏర్పడిన జాతీయ ప్రసార సంస్థ వ్యాఖ్యాతలు చాలాకాలం ఇంగ్లండు ఉచ్చారణనే ఆదర్శంగా పెట్టుకోగా, బారీ హంఫ్రీస్ 1955లో మెల్‌బోర్న్ శివారు గృహిణి ఎడ్నా ఎవరేజ్‌గా వేదికనెక్కి స్థానికుల యాసను నవ్వుల ద్వారా వినిపించాడు. 1957 నుంచి గ్రాహం కెనడీ అదే నగరపు టెలివిజన్‌లో రాత్రి కార్యక్రమంతో ఇంటింటి మనిషయ్యాడు. అయితే హంఫ్రీస్ తన ఊరి మధ్యతరగతిని పరిహసించాడు. సత్తి తన ఊరివాడిగా నిలబడి అధికారాన్ని ప్రశ్నించాడు. ఈ తేడా చిన్నది కాదు.

హాస్యంగా మాత్రమే ఆదరణ పొందిన భాషకు ఒక ప్రమాదం ఉంది. తెలుగు సినిమా ఏళ్లతరబడి తెలంగాణ యాసను రౌడీలకూ నౌకర్లకూ పరిమితం చేసినట్లే, టెలివిజన్ దానిని వ్యంగ్యానికి కేటాయించి, ప్రధాన వార్తలను పాత భాషలోనే చదివించవచ్చు. తీన్మార్ విజయం తర్వాత కూడా చాలా ఛానళ్లలో జరిగింది ఇదే. దీనికి భిన్నమైన ఉదాహరణ పోతిరెడ్డిపల్లి నుంచి అదే రహదారి మీద జహీరాబాదు వైపు వెళితే దొరుకుతుంది. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పాక, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు మాచ్‌నూర్‌లో 2008 అక్టోబరు 15న సంఘం రేడియోను ప్రారంభించాయి. కమ్యూనిటీ రేడియో, అంటే ఒక చుట్టుపట్టు జనం తమకోసం తామే నడుపుకునే కేంద్రం, అక్కడ 90.4 మెగాహెర్ట్జ్‌పై సాయంత్రం వేళల్లో వినిపించసాగింది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే దళిత మహిళలు మైకు, రికార్డింగు యంత్రాలు చేపట్టి కొర్రలు, సజ్జలు, విత్తనాల దాపు, మూలికా వైద్యం, పండుగ పాటల గురించి ఊరివాళ్లను తమ పలుకులోనే మాట్లాడించారు. ఆ కార్యక్రమాలలో నవ్వు ఉంది, కానీ యాసను చూసి నవ్వడం లేదు.