ఊరి రోడ్డు, మోరీ, లైటు, పార్కు: గ్రామ పంచాయతీ బాధ్యత ఎంత, పైసలు ఎక్కడివి?

తెలంగాణలో 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. పాత సర్పంచుల పదవీకాలం ముగిసిన తర్వాత, అంటే 2024 ఫిబ్రవరి మొదలు దాదాపు 22 నెలలు ఊళ్లను స్పెషల్ ఆఫీసర్లే నడిపారు. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి 15వ ఆర్థిక సంఘం గ్రాంటు ఇవ్వరు కాబట్టి ఆ కాలంలో కేంద్రం నుంచి వచ్చే పైసలు ఆగిపోయాయి. చెత్త ట్రాక్టర్‌లో డీజిల్ పోయించడానికి కార్యదర్శులు సొంత జేబులో నుంచి పెట్టుకున్న ఊళ్లు కూడా ఉన్నాయి. అందుకే ఇప్పుడు కొత్త సర్పంచ్ ఇంటి ముందుకు పోయిన జనం మొదట అడిగే మాట, మా గల్లీ రోడ్డు ఎప్పుడు బాగు చేస్తారు అని.

దీనికి జవాబు సర్పంచ్ మంచితనం కన్నా రెండు సంగతుల మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఆ రోడ్డు ఎవరిది? పంచాయతీ ఖాతాలో ఉన్న పైసలు ఆ పనికి వాడటానికి వీలుందా? ఈ రెండూ తెలియక ఏళ్ల తరబడి సంబంధం లేని ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లు చాలామంది.

రోడ్డు ఎవరిది?

1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను 11వ షెడ్యూల్‌లో చేర్చింది. రోడ్లు, కల్వర్టులు, తాగునీరు, ఊరి ఉమ్మడి ఆస్తుల నిర్వహణ అందులో ఉన్నాయి. తెలంగాణలో దీన్ని అమలు చేసేది 2018 పంచాయతీరాజ్ చట్టం. వీధుల మరమ్మతు, మోరీలు, వీధి దీపాలు, చెత్త ఎత్తడం, తాగునీరు, శ్మశానాలు, ఖబ్రస్తాన్ల ఏర్పాటు పంచాయతీ తప్పనిసరిగా చూడాల్సిన పనులు. ఇష్టముంటే చేసేవి కావు.

అయితే ఊళ్లో కనబడే ప్రతి రోడ్డూ పంచాయతీది కాదు. ఇళ్ల మధ్య ఉండే గల్లీలు, బజార్లు మాత్రమే పంచాయతీవి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయే తారు రోడ్డు సాధారణంగా పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ శాఖది. మండల కేంద్రం, జిల్లా కేంద్రాలను కలిపే పెద్ద రోడ్లు ఆర్ అండ్ బీవి. హైవే అయితే అసలు లెక్కే వేరు. ఊరి మధ్య నుంచే ఆర్ అండ్ బీ రోడ్డు పోతుంటే, దాని మీద గుంత పడిందని సర్పంచ్‌ను నిలదీస్తే లాభం లేదు. ఆ గుంత పూడ్చడానికి పంచాయతీ పైసలు పెడితే రేపు ఆడిట్‌లో ఆయనే జవాబు చెప్పుకోవాలి. సర్పంచ్ చేయగలిగింది తీర్మానం చేసి ఆ శాఖ ఇంజనీర్‌కు పంపడం. అదైనా చేయించుకోవాలి, ఎందుకంటే నోటిమాటకు ఫైలు కదలదు.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లది ఇంకో కథ. 2000 డిసెంబర్ 25న మొదలైన ఈ పథకంలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లపాటు దాన్ని బాగు చేస్తూ ఉండాలి. ఆ షరతు కాంట్రాక్టులోనే ఉంటుంది. రోడ్డు మొదట్లో నిలబెట్టిన బోర్డు మీద ఖర్చు, పని పూర్తయిన తేదీ, నిర్వహణ వివరాలు రాసి ఉంటాయి. బోర్డు తుప్పు పట్టిపోకముందే ఒక ఫోటో తీసి పెట్టుకోవడం మంచిది. ఐదేళ్ల లోపు గుంతలు పడితే ‘మేరీ సడక్’ యాప్‌లో ఫోటోతో ఫిర్యాదు చేయొచ్చు.

తారు రోడ్డు చెడిపోవడంలో మన చేతులూ ఉన్నాయి. నాట్ల సమయంలో ట్రాక్టర్‌కు కేజ్ వీల్స్ తీయకుండానే రోడ్డెక్కించి పొలానికి పొలానికి తిప్పుతారు. ఆ ఇనుప చక్రాలు తారును దున్నినట్టు చీల్చేస్తాయి. ఆ చీలికల్లోకి మొదటి వాననీళ్లు దిగితే చాలు, కింద కంకర కదిలిపోతుంది. అధికారులు ప్రతి సీజన్‌లో కేసులు పెడతామని చెబుతూనే ఉంటారు.

మోరీ లేని సీసీ రోడ్డు

పంచాయతీ సొంత రోడ్లంటే ఇప్పుడు ఎక్కువగా సీసీ రోడ్లే. వీటిలో చాలా భాగం ఉపాధి హామీ పథకం మెటీరియల్ వాటా కింద వేసినవి. ఆ పథకంలో కూలికి 60, సామానుకు 40 అనే నిష్పత్తి ఉండేది. ఊళ్లో కూలి పని ఎంత ఎక్కువ జరిగితే సిమెంటు పనికి అంత ఎక్కువ అవకాశం. చివరకు కూలికి పోయినవాళ్ల చెమట మీదే గల్లీ రోడ్డు నిలబడిందన్నమాట.

సీసీ రోడ్డుతో వచ్చే పెద్ద తంటా నీళ్లు. మట్టి రోడ్డు ఉన్నప్పుడు వాననీళ్లు కొంత భూమిలోకి ఇంకేవి, కొంత పల్లానికి పోయేవి. సిమెంటు వేశాక చుక్క ఇంకదు. పక్కన మోరీ కట్టకుండా ముందే రోడ్డు వేస్తే నీళ్లన్నీ తక్కువ ఎత్తున్న ఇంట్లోకి చేరతాయి. పాత సీసీని తవ్వకుండా దాని మీదే కొత్త సీసీ పోస్తే ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరుగుతుంది. ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి పోవాల్సిన ఇంట్లోకి ఇప్పుడు మెట్లు దిగి పోవాల్సిన పరిస్థితి చాలా గల్లీల్లో ఉంది. పాత ఇళ్లు, పేద ఇళ్లు ముందు మునుగుతాయి. కాబట్టి కొత్త రోడ్డు కొబ్బరికాయ కొట్టే రోజునే ఏఈని అడగాల్సిన ప్రశ్నలు ఇవి: మోరీ ఎస్టిమేట్‌లో ఉందా, ఆ మోరీ చివరికి ఎక్కడ కలుస్తుంది, పాత సిమెంటు తీసేస్తారా. పని మొదలయ్యాక అడిగితే మార్చడం కుదరదు.

నాణ్యత చూడటానికి ఇంజనీర్ కానక్కర్లేదు. సిమెంటు పోసిన తర్వాత దాని మీద మట్టి కట్టలు కట్టి కనీసం వారం పది రోజులు నీళ్లు నిలపాలి. కాంక్రీటుకు పూర్తి బలం 28 రోజులకు వస్తుందని లెక్క. మూడో రోజే ఇసుక ట్రాక్టర్ ఎక్కిస్తే ఎంత మంచి సిమెంటు పోసినా పగుళ్లు తప్పవు. రోడ్డు అంచుల పక్కన మొరం పోసి గట్టిగా తొక్కించారో లేదో కూడా చూడాలి, లేకుంటే బండి చక్రం దిగి అంచు విరుగుతుంది. పని అయ్యాక ఇంజనీర్ కొలతలు తీసి ఎంబీలో, అంటే కొలతల పుస్తకంలో రాస్తాడు. బిల్లు వచ్చేది ఆ పుస్తకాన్ని బట్టే.

నల్లా పైపు కోసం కొత్త రోడ్డును అడ్డంగా కోసి మట్టితో మూసి వదిలేయడం మరో రోగం. మిషన్ భగీరథ నీళ్లు ఊరి ట్యాంకు దాకా ప్రభుత్వ వ్యవస్థ తెస్తే, ఊళ్లోని పైపులు, నల్లాల బాగోగులు పంచాయతీ మీద పడ్డాయి. లీకు కోసం తవ్విన చోట సిమెంటు వేసి పూడ్చే బాధ్యత కూడా పంచాయతీదే.

పైసలు ఎక్కడి నుంచి?

పంచాయతీ ఆదాయం మూడు దారుల్లో వస్తుంది. ఒకటి సొంత ఆదాయం: ఇంటి పన్ను, నల్లా బిల్లు, లైసెన్సు ఫీజులు, సంత వేలం, భూముల రిజిస్ట్రేషన్ మీద వచ్చే వాటా. ఇంకొకటి కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు. మూడోది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చేది. పట్నం పక్కన ప్లాట్లు అమ్ముడుపోయే ఊరికి రిజిస్ట్రేషన్ వాటాతోనే గడిచిపోవచ్చు. మారుమూల తండాకు ఇంటి పన్ను మొత్తం వసూలైనా ఏడాది కరెంటు బిల్లుకు సరిపోదు. అందరికీ ఒకే చట్టం, ఒకే పనుల జాబితా అనడంలో ఉన్న అన్యాయం ఇక్కడే కనబడుతుంది.

2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికే వాడాలి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, కానీ జీతాలకు వాడటానికి వీల్లేదు. అంటే ఖాతాలో లక్షలు కనబడుతున్నా సర్పంచ్ వాటితో గల్లీ రోడ్డు వేయలేకపోవచ్చు, సఫాయి కార్మికుడికి జీతమూ ఇవ్వలేకపోవచ్చు. పైసలున్నా పని చేయట్లేదు అని తిట్టే ముందు అవి ఏ పద్దు కింద ఉన్నాయో చూడాలి. అలాగే పైసలు లేవని సర్పంచ్ అన్నప్పుడూ అదే చూడాలి.

చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరూ సంతకం పెట్టాలని 2018 చట్టం చెబుతోంది. ఇద్దరికీ పడకపోతే వీధి లైటు బల్బు కొనడం కూడా ఆగిపోతుంది. సంతకాలయ్యాక బిల్లు ట్రెజరీలో నెలల తరబడి ఆగడం ఇంకో ఎత్తు. అప్పు తెచ్చి పనులు చేసి, బిల్లులు రాక రోడ్డెక్కిన మాజీ సర్పంచులను రాష్ట్రమంతా చూసింది. వాళ్ల అనుభవం చూశాక కొత్తవాళ్లు చిన్న రిపేరుకు కూడా వెనకాడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అసలు లోపం ఏమిటంటే, కొత్తగా కట్టడానికి ఏదో ఒక పథకం దొరుకుతుంది. కట్టినదాన్ని కాపాడటానికి దొరకదు. 2019 సెప్టెంబర్ 6న మొదలైన పల్లె ప్రగతిలో ఊరూరా ట్రాక్టర్, డంపింగ్ యార్డు, నర్సరీ, వైకుంఠధామం, పల్లె ప్రకృతి వనం వచ్చాయి. చూడటానికి బాగున్నాయి. తర్వాత ట్రాక్టర్ కిస్తీ, డీజిల్, డ్రైవర్, కరెంటు, మొక్కలకు నీళ్లు అన్నీ పంచాయతీ నెత్తిన పడ్డాయి. వీటిని నడిపే మల్టీ పర్పస్ వర్కర్లలో ఒకే మనిషి పొద్దున చెత్త ఎత్తాలి, పగలు మొక్కలకు నీళ్లు పోయాలి, లీకు వస్తే పైపు పట్టాలి. నెలకు 9,500 రూపాయల జీతం, అదీ సమయానికి రాదు.

పార్కు జాగా, ఖబ్రస్తాన్ దారి

ఊళ్లో పార్కు అంటే ఇప్పుడు ప్రకృతి వనం, దాని పక్కన ఎక్కడైనా 2022లో మొదలైన క్రీడా ప్రాంగణం. పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి అని నిబంధన. ఎండాకాలం ట్యాంకర్ రాకపోతే వనం ఎండిపోయి, కంచె తెగి మేకలు మేస్తాయి. గేటుకు తాళం వేసి వదిలేసిన వనాల కన్నా, రోజూ పది మంది నడిచే వనాలే నిలబడతాయి.

దీనికన్నా విలువైనది లేఅవుట్లలో వదిలే 10 శాతం ఖాళీ జాగా. ప్లాట్లు చేసే యజమాని పార్కు జాగాను, రోడ్లను గిఫ్ట్ డీడ్‌తో పంచాయతీ పేరు మీద రాసివ్వాలి. కాగితం మీద పార్కు అని ఉండి, రిజిస్ట్రేషన్ జరగకపోతే కొన్నాళ్లకు అక్కడ ఇల్లు లేస్తుంది. ఆ డీడ్ నంబర్ కార్యదర్శి దగ్గర రికార్డులో ఉందో లేదో చూసుకుంటే ఊరి ఆస్తి మిగులుతుంది.

ఖబ్రస్తాన్ విషయంలో తరచూ ఒక అయోమయం ఉంటుంది. వక్ఫ్ కింద నమోదైన జాగా అయితే భూమి మీద హక్కు పంచాయతీది కాదు. అంతమాత్రాన మాకు సంబంధం లేదు అనడం కుదరదు. అక్కడి దాకా దారి, వీధి లైటు, చుట్టుపక్కల పారిశుద్ధ్యం పంచాయతీ చూడాల్సినవే. ఈద్గాలు చాలావరకు ఊరి బయట ఉంటాయి. పండుగ ముందు రోజు మొరం పోయించమని ఉరుకులు పరుగులు పెట్టే బదులు, ఏడాది ప్రణాళికలోనే ఆ దారిని రాయించుకోవడం మేలు.

ఎక్కడ అడగాలి, ఎట్లా అడగాలి?

ఏడాదికి ఏ పనులు చేయాలో గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో, అంటే జీపీడీపీలో రాస్తారు. అందులో లేని పనికి ఆర్థిక సంఘం పైసలు పెట్టడం కష్టం. ఆ జాబితా గ్రామ సభ ముందుకు రావాలి. తెలంగాణలో రెండు నెలలకు ఒకసారి గ్రామ సభ పెట్టాలి. చాలా చోట్ల అది రిజిస్టర్‌లో సంతకాలతో ముగుస్తుంది. మైనారిటీ గల్లీల నుంచి, ముఖ్యంగా ఆడవాళ్లు, వెళ్లడం తక్కువ. నీళ్లు, మోరీల బాధ ఎక్కువ పడేది వాళ్లే. శుక్రవారం జుమా వేళకు సభ పెడితే ముందే చెప్పి టైం మార్పించుకోవచ్చు.

మాట చెప్పి రావద్దు, కాగితం ఇవ్వాలి. గల్లీ పేరు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఎన్ని ఇళ్లు, ఏం సమస్య అని తెల్ల కాగితం మీద తెలుగులో రాసి, ఇంకో కాపీ మీద కార్యదర్శి సంతకం, తేదీ వేయించుకోవాలి. పని కాకపోతే మండలంలో ఎంపీడీవో, ఆపైన జిల్లా పంచాయతీ అధికారి ఉన్నారు. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చేటప్పుడు ఈ పాత కాపీ జత చేస్తే అర్జీకి బలం వస్తుంది. తప్పులు చేసిన సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారం కలెక్టర్‌కు ఉంది.

పంచాయతీ ఖర్చులు ‘ఈ-గ్రామ్‌స్వరాజ్’ పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. జిల్లా, మండలం, ఊరి పేరు కొడితే ఆ ఏడాది ప్రణాళిక, చెల్లింపులు వస్తాయి. అక్కడ మన గల్లీ పేరు మీద బిల్లు కనబడి, గల్లీలో పని కనబడకపోతే ఎస్టిమేట్, ఎంబీ నకళ్లు కోరుతూ సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి ఆఫీసుకు పెట్టే దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.