క్షతగాత్రుల పరీక్షలో అల్ట్రాసౌండ్: చట్టం, వైద్యం – ఒక చారిత్రక పరిశీలన

రోడ్డు ప్రమాదంలో గాయపడిన వ్యక్తి కడుపులోని రక్తస్రావం కంటికి కనిపించదు. రోగిని పడక నుంచి కదపకుండానే అల్ట్రాసౌండ్‌తో దానిని నిమిషాలలో గుర్తించే ‘ఫాస్ట్’ పరీక్ష 1990వ దశకంలో స్థిరపడింది. అప్పటికే భారతదేశంలో ఆ యంత్రం ఆడ భ్రూణహత్యలకు సాధనమైంది. ఫలితంగా 1994లో లింగనిర్ధారణ నిషేధ చట్టం వెలువడింది. 2012 నిబంధనలు చేతితో మోసుకుపోగల యంత్రాలను నమోదైన ఆసుపత్రి ఆవరణకు, సంచార వైద్యశాలలకు పరిమితం చేశాయి.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 సేవ క్షతగాత్రులను ఆసుపత్రికి త్వరగా చేర్చే మార్గమైంది. అయితే నమోదైన యంత్రం, శిక్షణ పొందిన వైద్యుడు లేని గ్రామీణ ఆసుపత్రి వారిని నగరానికి పంపవలసి వస్తుంది. మదీనాగూడ మీదుగా సాగే పుణె–మచిలీపట్నం జాతీయ రహదారి వంటి మార్గాలపై ఆ ప్రయాణంలోనే విలువైన కాలం గడిచిపోతుంది. చట్టాన్ని సడలించనవసరం లేదు. అత్యవసర విభాగంలో యంత్రాన్ని నమోదు చేసి, వైద్యునికి శిక్షణనిస్తే ఆడశిశువు రక్షణ, క్షతగాత్రుని రక్షణ రెండూ సాధ్యమే.