కుక్క గుండె, రాప్తాడు ఎండ: బీపీ మందుల పరీక్షల్లో వదిలేసిన ప్రశ్న

రక్తనాళాలను వదులు చేసే మందులు కుక్కల గుండెను ఎందుకు గాయపరుస్తాయి? 1992లో డాగ్‌టరమ్, జ్బిండెన్, రెజ్నిక్ కలిసి రాసిన సమీక్ష ఈ ప్రశ్న మీదే నడుస్తుంది. మోతాదు మించితే బీపీ అమాంతం పడిపోతుంది, గుండె పరుగు తీస్తుంది, ఆ తాకిడికి నాళాలు దెబ్బతింటాయి, కాబట్టి మామూలు మోతాదు వాడే మనిషికి భయం తక్కువ. ఈ వాదానికి ఆ సమీక్ష బలమైన ఆసరా అయింది. మొదటి మాటలతో పేచీ లేదు. ‘కాబట్టి’ దగ్గరే పేచీ.

మినాక్సిడిల్‌ను ఇవాళ జుట్టు మందుగానే గుర్తుపడతారు. 1979లో అమెరికాలో దానికి అనుమతి దొరికింది మాత్రం మొండి బీపీకి వేసే మాత్రగా. కుక్కలకు కొద్ది రోజులు ఇవ్వగానే గుండె లోపలి కండరంలో కణాలు చచ్చాయి, కుడి కర్ణికలో రక్తస్రావమైంది.

ఫెనాల్డోపామ్ సంగతి ఇంకా లోతైనది. ప్రమాదకరంగా పెరిగిన బీపీని వెంటనే దించడానికి నరంలోకి ఎక్కించే ఈ మందుకు 1997లో అమెరికా అనుమతి వచ్చింది. ఎలుకలకు 24 గంటలు ఆగకుండా ఎక్కిస్తే మూత్రపిండాలకు, పేగులకు వెళ్లే ధమనుల మధ్యపొర చచ్చి, రక్తం గోడలోకి ఇంకింది. కుక్కలకు 48 గంటలు ఎక్కించినా ఆ గాయం కనిపించలేదు. డోపమైన్ ఎక్కించిన ఎలుకల్లో మాత్రం అచ్చం అదే గాయం. దాంతో అనుమానం డీ1 తరహా డోపమైన్ గ్రాహకం మీదికి వెళ్లింది. బీపీ పడిపోవడం ఒక్కటే కారణమైతే కుక్క ఎలా తప్పించుకుంది? మందు నాళం గోడ మీదే పనిచేస్తోందనడానికి ఇంతకంటే ఏం కావాలి? ఒక మందుకు కుక్క, ఇంకో మందుకు ఎలుక. మనిషి ఏ వరసలో ఉన్నాడో ముందే తేల్చేయడం శాస్త్రం కాదు.

పైగా ఈ గాయాలు జంతువును కోసి, ధమని పొరను మైక్రోస్కోపు కింద పెడితేనే బయటపడ్డాయి. బతికున్న మనిషిలో వాటిని తొలిదశలోనే నమ్మకంగా పట్టే రక్తపరీక్ష లేదు. 2006లో అమెరికాలో ఏర్పడిన ప్రిడిక్టివ్ సేఫ్టీ టెస్టింగ్ కన్సార్టియం అలాంటి సూచికల కోసం ప్రత్యేకంగా ఓ బృందాన్నే నడిపింది. మినాక్సిడిల్ వాడి, రకరకాల కారణాలతో చనిపోయిన 150 మంది శవపరీక్షల్లో కుక్కల్లో కనిపించిన తరహా రక్తస్రావం దొరకలేదన్నది నిజమే.

అయితే ఆ 150 మందీ అనంతపురం జిల్లా రాప్తాడు ఎండలో, కరువు పనుల్లో గుంతలు తవ్వినవారు కాదు.

ప్రయోగశాలలో జంతువుకు చల్లని గది, ఎప్పుడూ నిండుగా నీళ్ల సీసా. అనంతపురం పీఠభూమిలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది ఇదే జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకం కింద కరువు పనులు సాగేదీ ఆ ఎండల్లోనే. చెమటతో ఒంట్లో నీరు తగ్గితే రక్తం పరిమాణం తగ్గుతుంది. దాని మీద నాళాలను వదులు చేసే బిళ్ళ పడితే బీపీ ఇంకా దిగుతుంది, గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. 1992 సమీక్ష కుక్కల విషయంలో తప్పుపట్టిన పరిస్థితి సరిగ్గా ఇదే. అక్కడ మోతాదు చేసిన పనిని ఇక్కడ ఎండ చేస్తోంది. ఆ వాదాన్ని దాని సొంత తర్కంతోనే తూచితే, మామూలు మోతాదు అన్న భరోసా రాప్తాడులో నిలవదు.

ఇది చదివి ఎవరూ బిళ్ళలు మానకూడదు. బీపీని వదిలేస్తే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఈ వ్యాసం అడిగేది పరిశోధకులను. ఊబకాయపు ఎలుకల ప్రత్యేక జాతిని పెంచిన అనుభవం హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు ఉంది. జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ జంతు పరిశోధన కేంద్రం ఉంది. కొత్త బీపీ మందును పరీక్షించే ప్రతిసారీ వేడి గదిలో, కొలిచి పోసిన నీళ్లతో మరో జంతువుల గుంపును కూడా ఉంచి, వాటి ధమనులనూ చూడండి.