17 కిలోమీటర్ల లైన్‌కు ఏ డీజిల్ ఇంజిన్ సరిపోతుంది? మెదక్ లైన్ చెప్పే లెక్క

మెదక్‌కు ఇంకో రైలు కావాలని అడిగేటప్పుడు మనం టైమింగ్స్, స్టాపులు, చార్జీల గురించే మాట్లాడతాం. ఆ రైలును ఏ ఇంజిన్ లాగాలన్నది రైల్వే వాళ్లు చూసుకునే పని అనుకుంటాం. కానీ చిన్న లైన్‌పై రోజుకు ఎన్ని ట్రిప్పులు పడతాయన్నది చాలావరకు ఆ ఎంపిక మీదే ఆధారపడి ఉంటుంది. పెద్ద ఇంజిన్ వస్తే మంచి సర్వీసు వచ్చినట్టేనా? కాదు. ఎందుకో చూద్దాం.

ముందు లైన్ సంగతి

సికింద్రాబాద్-నిజామాబాద్ మార్గంలోని అక్కన్నపేట నుంచి మెదక్ వరకు ఉన్న కొత్త లైన్ పొడవు సుమారు 17 కిలోమీటర్లు. 2012-13లో మంజూరైంది. ఖర్చును కేంద్రం, రాష్ట్రం చెరి సగం భరించాయి. 2022 సెప్టెంబర్ 23న ప్రారంభమైంది. మధ్యలో లక్ష్మాపూర్, శమ్నాపూర్ స్టేషన్లు ఉన్నాయి. మెదక్‌తో లైన్ ఆగిపోతుంది. ఎరువుల వంటి సరుకు దింపడానికి మెదక్‌లో రేక్ పాయింట్ కూడా ఉంది.

అంటే ఇది ఒకవైపు మాత్రమే మెయిన్ లైన్‌తో కలిసే చిన్న బ్రాంచ్ లైన్. ప్రయాణికుల అవసరం ప్రతిరోజూ ఉంటుంది. సరుకు అవసరం మాత్రం రేక్ వచ్చినప్పుడే. ఈ రెండూ వేర్వేరు అవసరాలని గుర్తిస్తే సగం సమస్య తీరినట్టే.

ఇంజిన్ మీద రాసిన అక్షరాలకు అర్థమేంటి?

డీజిల్ ఇంజిన్ పక్కన డబ్ల్యూడీఎం, డబ్ల్యూడీపీ, డబ్ల్యూడీజీ, డబ్ల్యూడీఎస్ అని రాసి ఉండటం మీరు చూసే ఉంటారు. మొదటి అక్షరం బ్రాడ్‌గేజ్‌కు, రెండోది డీజిల్‌కు గుర్తు. మూడోది పని చెబుతుంది. ఎం అంటే ప్రయాణికులు, సరుకు రెండింటికీ. పీ అంటే ప్యాసింజర్, జీ అంటే గూడ్స్, ఎస్ అంటే యార్డులో షంటింగ్.

* డబ్ల్యూడీఎం-3ఏ: 3100 హెచ్‌పీ, బరువు సుమారు 113 టన్నులు
* డబ్ల్యూడీపీ-4డీ: 4500 హెచ్‌పీ, 123 టన్నులు, రెండు వైపులా క్యాబ్
* డబ్ల్యూడీజీ-4: 4000 నుంచి 4500 హెచ్‌పీ, 126 టన్నులు
* డబ్ల్యూడీఎస్-6: సుమారు 1400 హెచ్‌పీ, షంటింగ్ కోసం

వీటికి తోడు డెమూ ఉంది. దీనికి విడిగా ఇంజిన్ ఉండదు. రేక్‌లోనే 1400 లేదా 1600 హెచ్‌పీ పవర్ కార్లు ఉంటాయి. రెండు చివర్లలోనూ లోకో పైలట్ క్యాబ్ ఉంటుంది.

హార్స్‌పవర్ ఎక్కువైతే లాభమేంటి?

హార్స్‌పవర్ వేగానికి పనికొస్తుంది. బరువైన బండిని కదిలించడానికి కావాల్సింది పట్టాల మీద పట్టు. ఆ పట్టు ఇంజిన్ బరువు నుంచి వస్తుంది. స్థూలంగా ఇంజిన్ బరువులో నాలుగో వంతు లాగుడు శక్తిగా మారుతుందనుకోండి. 126 టన్నుల ఇంజిన్‌కు దాదాపు 31 టన్నులు, 113 టన్నుల ఇంజిన్‌కు దాదాపు 28 టన్నుల లాగుడు వస్తుంది.

ఇప్పుడు ఎత్తు లెక్క. 150 మీటర్ల దూరానికి ఒక మీటరు ఎక్కే చోట 3000 టన్నుల గూడ్స్ బండికి ఎత్తు కోసమే 20 టన్నుల లాగుడు కావాలి. చక్రాల రాపిడి, ఇంజిన్ సొంత బరువు కలిపితే మరో 5 నుంచి 6 టన్నులు. ఇది అర్థం కావడానికి చెప్పిన ఉదాహరణే, మెదక్ లైన్ కొలత కాదు. ఇలాంటి చోట 113 టన్నుల ఇంజిన్ అంచు మీద పనిచేస్తుంది. వాన పడి పట్టాలు జారితే కష్టమే. అందుకే గూడ్స్‌కు బరువైన ఇంజిన్ వాడతారు.

అయితే ఆ బరువును పట్టాలు, వంతెనలు మోయాలి. 126 టన్నులను ఆరు ఇరుసులకు పంచితే ఒక్కోదానిపై 21 టన్నులు పడుతుంది. లైన్ ఎంత మోయగలదో చూశాకే ఇంజిన్ పేరు రాయాలి.

ప్యాసింజర్‌కు ఈ బాధ లేదు. పది బోగీలు జనంతో నిండినా సుమారు 500 టన్నులే. దానికి 4500 హెచ్‌పీ పెట్టడం కూరగాయల సంచి తేవడానికి లారీ పంపినట్టు.

అసలు టైమ్ ఎక్కడ పోతుంది?

17 కిలోమీటర్లను సగటున గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 20 నిమిషాలు పడుతుంది. 60తో వెళ్తే 17 నిమిషాలు. పెద్ద ఇంజిన్ తెచ్చినా మిగిలేది మూడు నిమిషాలే.

మెదక్ చేరాక ఏం జరుగుతుందో చూడండి. ఇంజిన్‌ను బోగీల నుంచి విడదీయాలి. పక్క లైన్ మీదుగా రెండో చివరకు తేవాలి. మళ్లీ తగిలించి బ్రేక్ టెస్ట్ చేయాలి. దీనికి 20 నుంచి 30 నిమిషాలు పోవచ్చు. పైగా ఒకే క్యాబ్ ఉన్న ఇంజిన్ అయితే తిరుగు ప్రయాణంలో పొడవాటి ముక్కు ముందుకు వస్తుంది. అప్పుడు లోకో పైలట్‌కు దారి సరిగా కనిపించదు, వేగం తగ్గించాల్సి వస్తుంది.

డెమూకు ఈ తతంగమేదీ ఉండదు. లోకో పైలట్ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వెళ్తే, తప్పనిసరి పరీక్షల తర్వాత బండి బయల్దేరుతుంది. ట్రిప్పుకు 15 నిమిషాలు మిగిలినా నాలుగు ట్రిప్పులకు గంట. అదే గంటలో మరో ట్రిప్పు వేయొచ్చు.

డెమూకు లోపాలూ ఉన్నాయి. పవర్ కార్‌లో శబ్దం ఎక్కువ, యంత్రాల వల్ల సీట్లు తగ్గుతాయి. జనం పెరిగారని ఇష్టమొచ్చినన్ని బోగీలు తగిలించలేం. సరుకు బండిని అసలు లాగలేదు.

మెదక్‌లోనే ఒక ఇంజిన్ ఉంచేస్తే?

వినడానికి బాగుంటుంది, ఖర్చు మాత్రం గట్టిగానే ఉంటుంది. పాత తరం డీజిల్ ఇంజిన్ ఊరికే ఆన్‌లో నిలబడినా గంటకు సుమారు 25 లీటర్ల డీజిల్ తాగుతుంది. రోజుకు పది గంటలు ఖాళీగా ఉంటే 250 లీటర్లు. సహాయక చిన్న ఇంజిన్ అమర్చిన వాటిలో ఇది గంటకు 3 లీటర్ల దాకా తగ్గుతుంది. ఇంజిన్‌కు సిబ్బంది కావాలి. నిర్ణీత రోజులకోసారి మౌలాలి, కాజీపేట వంటి షెడ్‌కు పంపాలి. వెళ్లినప్పుడు బదులు ఇంజిన్ రావాలి.

అందుకే నెలకు కొన్ని రేక్‌లే వచ్చే చోట, రేక్‌ను తెచ్చిన ఇంజినే షంటింగ్ చేసి వెళ్లిపోవడం మేలు. రోజూ రేక్‌లు వచ్చే చోట మాత్రమే సొంత షంటింగ్ ఇంజిన్‌కు అర్థముంటుంది.

అంతా కరెంటే అవుతుంటే డీజిల్ లెక్క ఎందుకు?

దేశంలో బ్రాడ్‌గేజ్ మార్గాల్లో 95 శాతానికి పైగా విద్యుదీకరణ పూర్తయింది. కరెంటు వైరు ఉన్న చోట రోజువారీ ప్యాసింజర్‌కు డీజిల్ దండగే. అక్కడ డెమూ స్థానంలో మెమూ వస్తుంది, దానికీ రెండు చివర్లా క్యాబ్ ఉంటుంది. అంటే పైన చెప్పిన టైమ్ లెక్క మారదు. జేసీబీలు, లారీలు తిరిగే సరుకు లైన్లపై వైరు వేయడం అన్నిచోట్లా కుదరదు. కరెంటు ఆగినప్పుడు, ప్రమాదాలప్పుడు సాయం చేయాల్సిందీ డీజిలే.

మీరు ఏం అడగాలి?

ఈ లైన్ దక్షిణ మధ్య రైల్వే హైదరాబాద్ డివిజన్ పరిధిలోకి వస్తుంది. డీఆర్‌ఎం కార్యాలయానికి, మీ ఎంపీకి, డివిజనల్ రైల్వే వినియోగదారుల సలహా కమిటీ సభ్యులకు వినతి ఇచ్చేటప్పుడు "కొత్త రైలు కావాలి" అని ఒక్క ముక్కలో ఆపకండి. ఇవి కూడా అడగండి:

* మెదక్‌లో రైలు ఎంతసేపు ఖాళీగా నిలుస్తోంది? ఆ టైమ్‌లో అక్కన్నపేట వరకు మరో ట్రిప్పు వేయొచ్చా?
* రెండు చివర్లా క్యాబ్ ఉన్న రేక్ కేటాయించారా?
* గూడ్స్ బండి వచ్చిన రోజు ప్యాసింజర్ టైమ్ దెబ్బతినకుండా ఏం చేస్తున్నారు?
* అక్కన్నపేటలో మెయిన్ లైన్ రైళ్లకు టైమ్ కలుస్తోందా?

జవాబు రాకపోతే ఆర్‌టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో 10 రూపాయల ఫీజుతో ఇవే ప్రశ్నలు వేయొచ్చు. 139 నంబర్ ప్రయాణంలో ఎదురయ్యే ఫిర్యాదులు, విచారణల కోసం. కొత్త ట్రిప్పు డిమాండ్‌కు రాతపూర్వక వినతే సరైన దారి.