దాదా రేడియో, మా రౌటర్

మా దాదా సందూక్‌లో రేడియో లైసెన్సు పుస్తకం ఇప్పటికీ ఉంది. 1980ల దాకా ఇంట్లో రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో ఫీజు కట్టి హుకూమత్ ఇజాజత్ తీసుకోవాల్సిందే.

వైఫైదీ అలాంటి తారీఖే. 802.11బి ప్రమాణం 1999లోనే వచ్చింది. మన ముల్క్‌లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను ఇంటా బయటా లైసెన్సు లేకుండా వాడుకునే ఇజాజత్ మాత్రం 2005లో దక్కింది. అందుకే ఈరోజు ఏ రౌటర్ కొనాలన్న ఫైసలా మనదే.

ఆ ఫైసలాలో నేను గలతీ చేశాను. 2020 లాక్‌డౌన్‌లో, శ్రీకాళహస్తిలోని మా పాత మిద్దెలో బేటీ ఆన్‌లైన్ క్లాసు మాటిమాటికీ తెగిపోయేది. పరీక్ష రోజూ అంతే. బిడ్డ ఏడ్చింది, నేను కనెక్షన్‌ను తిట్టుకున్నాను. కసూర్ నాదే: సస్తాగా కొన్న రౌటర్‌ను మందపాటి గోడల వెనక మూలగదిలో పెట్టాను.

2.4 గోడలు దాటుతుంది గానీ పక్కిళ్ల రౌటర్ల రద్దీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ తేజ్, గోడ అడ్డొస్తే కమ్‌జోర్. కాబట్టి రెండూ ఉన్నదే తీసుకోండి. డబ్ల్యూపీఏ3 భద్రత ఉందా, కంపెనీ అప్‌డేట్లు ఇస్తుందా అని దుకాణంలో అడగండి. ఇంటి నడుమ, ఎత్తున పెట్టండి.

దాదా రేడియో ఉండేది నడిమింటి అల్మారా మీద. ఇప్పుడు మా రౌటర్ కూడా అక్కడే.