పునఃప్రసారం డబ్బులు ఎవరికి?

1963లో టెరీ నేషన్ అనే బ్రిటిష్ రచయిత హాస్యనటుడు టోనీ హాన్‌కాక్‌తో చెడి, ఉన్న పని పోగొట్టుకున్నాడు. బీబీసీ వాళ్ళు శనివారం సాయంత్రాలకని తలపెట్టిన 'డాక్టర్ హూ' అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్‌కు ఒక కథ రాయమని అంతకుముందే అడిగి ఉన్నారు. దానిమీద ఆయనకు పెద్ద గౌరవమేమీ లేదు. కానీ ఇల్లు గడవాలి కదా, ఒప్పుకుని ఏడు ఎపిసోడ్లు గబగబా రాసిచ్చాడు. డిసెంబర్ 21న ప్రసారం మొదలైన ఆ కథలో పుట్టినవే డాలెక్కులు. ఇనుప డబ్బా లాంటి ఒళ్ళు, కీచుగొంతు, కనిపించిన ప్రాణినల్లా చంపెయ్యాలనే కసి ఉన్న జీవాలవి. బ్రిటన్ పిల్లలు భయంతో సోఫాల వెనక దాక్కుంటూనే వాటిని ప్రేమించారు. రెండేళ్ళు తిరిగేసరికి దుకాణాల నిండా డాలెక్ బొమ్మలు, పుస్తకాలు. 1965లో ఒకటి, 66లో ఒకటి సినిమాలు కూడా వచ్చాయి.

నేషన్ తరఫున ఒప్పందాలు చూసిన ఏజెంటు బెరిల్ వెర్ట్యూ. కాగితం మీద ఏముందో, ఏముండాలో ఆవిడకు బాగా తెలుసు. అప్పటి పద్ధతిలో బీబీసీకి బయటినుంచి రాసే రచయితలు తమ కథపై హక్కును పూర్తిగా వదులుకునేవారు కారు. అందుకే డాలెక్కుల మీద బీబీసీతో పాటు నేషన్‌కూ హక్కు నిలిచింది, అమ్ముడైన ప్రతి బొమ్మలోనూ ఆయన వాటా ఆయనకు వచ్చింది. అయితే డాలెక్కుకు ఆ రూపం గీసినవాడు వేరు. రేమండ్ క్యూసిక్ అనే డిజైనర్ బీబీసీలో నెలజీతం ఉద్యోగి. ఊహ నేషన్‌దే అయినా పిల్లలు మనసు పారేసుకున్నది ఈయన గీసిన బొమ్మ మీద. క్యూసిక్‌కు జీతం కాక దక్కినది ఓ వంద పౌండ్ల బహుమానం. నేషన్ పెద్ద బంగళా కొనుక్కున్నాడు. ప్రతిభలో వీళ్ళిద్దరికీ ఇంత తేడా ఉందంటే నేను నమ్మను, తేడా అంతా ఒప్పంద పత్రంలో ఉంది.

సైన్స్ ఫిక్షన్ ధారావాహికల దగ్గరే ఈ గొడవ ఎక్కువగా ఎందుకు రేగుతుందంటే, వాటి సంపాదన ఆలస్యంగా వస్తుంది. కుటుంబ కథలూ పోలీసు కథలూ ప్రసారమైన వారానికే తమ ప్రేక్షకులను పోగేసుకుంటాయి. గ్రహాంతర కథలకు మొదట్లో జనం పలచగా ఉంటారు. ఉన్నవాళ్ళు మాత్రం విడిచిపెట్టరు. పదేళ్ళకూ ముప్ఫై ఏళ్ళకూ మళ్ళీ చూస్తారు, పుస్తకాలు కొంటారు, టేపులు కొంటారు, పిల్లలకు చూపిస్తారు. రచయితకు కూలి ముట్టేది మొదటి ప్రసారం రోజున, డబ్బు వచ్చేది ఆ తర్వాత. ఆ తర్వాతి డబ్బులో వాటా కోసమే అమెరికాలో రచయితల గిల్డ్ ఇన్ని సమ్మెలు చేసింది.

అమెరికాలో పద్ధతి బ్రిటన్‌కు తలకిందులు. అక్కడ స్టూడియో కోసం రాసినదానికి చట్టం దృష్టిలో స్టూడియోయే కర్త. రచయితకు మిగిలేది గిల్డ్ పోరాడి సంపాదించిన వాటా, దాన్ని రెసిడ్యువల్స్ అంటారు. 1960లో గిల్డ్ చేసిన సమ్మె దాదాపు అయిదు నెలలు నడిచింది. టీవీలో చూపించే సినిమాలపై వాటా, పింఛను, ఆరోగ్య నిధి వచ్చినవి ఆ సమ్మెతోనే. టీవీ ధారావాహికల పునఃప్రసారాలపై అంతకుముందే కొంత వాటా ఉంది గానీ, అది మొదటి కొన్నిసార్లకే పరిమితం. ఒక ధారావాహికను పదేళ్ళపాటు రోజూ వేస్తారని అప్పట్లో ఎవరు ఊహించారు?

'స్టార్ ట్రెక్' సరిగ్గా ఆ పనే చేసింది. 1966 సెప్టెంబర్ 8న ఎన్‌బీసీలో మొదలై మూడు నెలలు తిరక్కముందే ప్రాణం మీదికి తెచ్చుకుంది. అప్పుడు దాన్ని నిలబెట్టమని అభిమానులకు మొదట ఉత్తరం రాసినవాళ్ళు రచయితలే. 1966 డిసెంబర్‌లో హర్లాన్ ఎలిసన్ తిప్పిన ఆ విజ్ఞప్తి మీద ఫ్రాంక్ హెర్బర్ట్, థియొడర్ స్టర్జియన్, రిచర్డ్ మాథిసన్ వంటి పెద్దల పేర్లున్నాయి. మరుసటి ఏడాది చివర బీజో ట్రింబుల్, ఆమె భర్త జాన్ ఆ పనిని భుజాన వేసుకున్నారు. వేలాది చిరునామాలు సేకరించి, ఉత్తరం ఎలా రాయాలో, ఎవరికి రాయాలో నేర్పారు. 1968 జనవరిలో కాల్‌టెక్ విద్యార్థులు కాగడాలు పట్టుకుని బర్‌బ్యాంక్‌లోని ఎన్‌బీసీ కార్యాలయానికి ఊరేగింపుగా వెళ్ళారు. మార్చి 1న ఎపిసోడ్ అయిపోగానే, కార్యక్రమం కొనసాగుతుంది, ఇక ఉత్తరాలు ఆపండని టీవీలోనే ప్రకటించాల్సి వచ్చింది.

గెలుపు పెద్దదే. కానీ మూడో ఏడాది దాన్ని శుక్రవారం రాత్రి పది గంటలకు నెట్టి, ఖర్చు కోసి, 1969లో చంపేశారు. మొత్తం 79 ఎపిసోడ్లు. ఆ మూడో ఏడాది లేకపోతే రోజువారీ పునఃప్రసారానికి సరిపడా సరుకే ఉండేది కాదు. అంటే అభిమానులు కాపాడి పెట్టినది, తర్వాతి యాభై ఏళ్ళ వ్యాపారాన్ని. స్థానిక స్టేషన్లు సాయంత్రాలు దాన్ని వేసుకోవడం మొదలెట్టాక 1972 జనవరిలో న్యూయార్క్‌లో అభిమానుల మొదటి పెద్ద సమావేశం జరిగింది. కొన్ని వందల మంది వస్తారనుకుంటే మూడు వేలు దాటారు. మన దూరదర్శన్‌లో 80లలో ఆదివారాలు వచ్చినదీ ఆ పాత 'స్టార్ ట్రెక్కే'. అప్పటికి దాని వయసు రెండు దశాబ్దాలు, సంపాదన ఇంకా ఆగలేదు.

ఆ సంపాదనలో వాటా కోసం ఎవరు ఏం చేశారో చూస్తే తమాషాగా ఉంటుంది. అలెగ్జాండర్ కరేజ్ స్వరపరిచిన ప్రారంభ సంగీతానికి, ధారావాహిక సృష్టికర్త అయిన జీన్ రాడెన్‌బెరీ సాహిత్యం రాశాడు. దాన్ని ఏ ఎపిసోడ్‌లోనూ పాడలేదు, పాడించే ఉద్దేశమూ లేదు. పాటల రచయితగా పేరుంటే చాలు, రాయల్టీలో సగం వస్తుంది. ఒప్పందం ప్రకారం అది తప్పు కాదు. అభిమానులు దైవంలా చూసుకునే మనిషి సాటి కళాకారుడి సగం ముద్ద లాక్కున్నాడన్నది కూడా నిజమే.

ఎలిసన్ కథ ఇంకా ఘాటైనది. 'ద సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్' 1967 ఏప్రిల్‌లో ప్రసారమైంది. మొత్తం ధారావాహికలో అదే మేటి అన్నవాళ్ళు ఎందరో. ఆయన స్క్రిప్టును చాలామంది తిరగరాశారు. ఆయన మాత్రం తన అసలు ప్రతినే పోటీకి పంపి గిల్డ్ బహుమతి కొట్టాడు, ప్రసారమైన రూపానికి హ్యూగో అవార్డు వచ్చింది. నలభై ఏళ్ళ తర్వాత ఆ కథను వాడుకుని నవలలు, బొమ్మలు అమ్ముతున్నారని 2009లో స్టూడియోపై దావా వేశాడు. గిల్డ్ తన తరఫున నిలబడలేదని దానిమీద కూడా వేశాడు, అడిగిన పరిహారం ఒక్క డాలరు. ఆ అక్టోబర్‌లోనే స్టూడియోతో రాజీ కుదిరింది. ఎలిసన్ నోరు మంచిది కాదని అందరూ అంటారు. మంచి నోరున్నవాళ్ళలో ఎంతమందికి డబ్బులొచ్చాయో కూడా లెక్క చూడాలి.

1987లో 'నెక్స్ట్ జనరేషన్' పేరుతో 'స్టార్ ట్రెక్' తిరిగొచ్చింది. మరుసటి ఏడాది మార్చి నుంచి ఆగస్టు వరకు గిల్డ్ చరిత్రలోకెల్లా పొడుగైన సమ్మె. స్క్రిప్టులు లేక రెండో సీజన్‌ను 26 నుంచి 22 ఎపిసోడ్లకు తగ్గించారు. తొలి ఎపిసోడ్ కోసం, డెబ్బైలలో తలపెట్టి ఆపేసిన మరో ధారావాహిక తాలూకు స్క్రిప్టు దుమ్ము దులిపి వాడుకున్నారు. ఆ కరువు తర్వాతే, 1989లో, మైకేల్ పిల్లర్ రచయితల బృందానికి పెద్ద అయి ఏజెంటు లేనివాళ్ళు కూడా కథలు పంపొచ్చని తలుపు తెరిచాడు. అభిమానుల చరిత్రలో ఉత్తరాల ఉద్యమం కంటే ఇదే పెద్ద మలుపని నా అభిప్రాయం. అప్పటిదాకా వాళ్ళు చేతిరాత పత్రికల్లో, సైక్లోస్టైల్ సంచికల్లో తమకోసం కథలు రాసుకునేవారు. ఆ తర్వాత అదే పనికి గిల్డ్ రేటు ప్రకారం చెక్కు వచ్చేది. సెట్టు చూడ్డానికి వెళ్ళి చేతిలో ఉన్న స్క్రిప్టు ఒకరికి ఇచ్చివచ్చిన రొనాల్డ్ మూర్ అనే కుర్ర అభిమాని ఆ దారినే ఉద్యోగంలో చేరాడు. బ్రిటన్‌లోనూ అంతే. 1989లో ఆగిపోయిన 'డాక్టర్ హూ' 2005లో తిరిగొచ్చినప్పుడు పగ్గాలు పట్టిన రసెల్ టి. డేవిస్, చిన్నప్పుడు సోఫా వెనక దాక్కున్న తరం వాడే. ఆ ఏడాది డాలెక్కును మళ్ళీ చూపించడానికి నేషన్ వారసులతో బేరం తెగిపోయే దాకా వెళ్ళి కుదిరింది. వెర్ట్యూ నిలబెట్టిన హక్కు నలభై ఏళ్ళ తర్వాత కూడా బీబీసీని బేరానికి కూర్చోబెట్టింది.

మూర్ సంగతి అక్కడితో అయిపోలేదు. 2006 నాటికి ఆయన 'బాటిల్‌స్టార్ గెలాక్టికా' ధారావాహికకు అధిపతి. ఇంటర్నెట్‌లో వేయడానికి పది చిన్న ఎపిసోడ్లు తీశారు. ఇవి కథలు కావు, ప్రచారం మాత్రమే, కనుక రచయితలకు విడిగా డబ్బూ పేరూ అక్కర్లేదని ఎన్‌బీసీ యూనివర్సల్ వాదించింది. మూర్ ఒప్పుకోలేదు, గిల్డ్ అడ్డుపడింది, సంస్థ కార్మిక సంబంధాల బోర్డుకు ఎక్కింది. మరుసటి ఏడాది నవంబర్ 5న మొదలై వంద రోజులు నడిచిన సమ్మెకు అసలు కారణం ఈ చిన్న గొడవలోనే పూర్తిగా ఉంది. డీవీడీల్లో రచయితకు వచ్చేది డిస్కుకు నాలుగైదు సెంట్లు. క్యాసెట్లు ఖరీదైన కొత్త సరుకుగా ఉన్న 1985లో ఒప్పుకున్న లెక్క అది, డిస్కులు చవకయ్యాక కూడా మారలేదు. ఇంటర్నెట్‌కూ అదే గతి పడుతుందని రచయితలు భయపడ్డారు.

అభిమానులు కార్యక్రమం కోసం కాకుండా రచయిత కూలి కోసం వీధిలోకి వచ్చింది ఆ సమ్మెలోనే. అదే ఏడాది వేసవిలో 'జెరిఖో' అనే ధారావాహికను ఆపొద్దని సీబీఎస్‌కు ఇరవై టన్నుల వేరుశనగ కాయలు పంపి ఏడు ఎపిసోడ్లు గెలుచుకున్నారు. అది పాత తరహా ఉద్యమం, మా కథ మాకు కావాలి అనేది. సమ్మె మొదలయ్యాక టీవీ రచయిత జాస్ వీడన్ అభిమానులు 'ఫ్యాన్స్‌ఫర్‌రైటర్స్' అనే బృందంగా ఏర్పడి పికెట్ దగ్గరికి భోజనాలు పంపారు, స్టూడియో యజమానులకు పెన్సిళ్ళు పంపించే ఉద్యమంలో చేరారు. డిసెంబర్ 7న ఫాక్స్ స్టూడియో ముందు రచయితలతో కలిసి నడిచారు. సమ్మె సాగినంత కాలం తమకిష్టమైన ధారావాహికలు ఆగిపోతాయని తెలిసే వచ్చారు. వీడన్ ఆ సమ్మె కాలంలోనే సొంత డబ్బుతో 'డాక్టర్ హారిబుల్' తలపెట్టి 2008 జులైలో ఇంటర్నెట్‌లో విడుదల చేశాడు. సమ్మె ముగిసేసరికి డీవీడీ వాటా పెరగలేదు. ఇంటర్నెట్ మాత్రం గిల్డ్ పరిధిలోకి వచ్చింది.

ఇక అభిమానులే సొంతంగా రాసి, తీసిన కథల మాటేమిటి? 'ఆక్సనార్' అనే 'స్టార్ ట్రెక్' అభిమానుల చిత్రం చందాలతో పది లక్షల డాలర్లు పోగేసేసరికి స్టూడియోలు 2015 చివర కోర్టుకెళ్ళాయి. 2016 జూన్‌లో అభిమానుల చిత్రాలకు స్టూడియోల నిబంధనలు వచ్చాయి. కథ మొత్తం అరగంట దాటకూడదు, చందా 50 వేల డాలర్లు మించకూడదు, పనిచేసిన ఎవరికీ పారితోషికం ఉండకూడదు. కథ హక్కుదారుదే, కాదనలేం. కానీ అభిమాని శ్రమ ఉచితంగా ఉన్నంతవరకే ముద్దు అని ఇంత స్పష్టంగా రాసిపెట్టిన కాగితం ఇంకొకటి కనిపించదు.

గిల్డ్ మళ్ళీ వీధికెక్కింది, 2023 మే 2 నుంచి సెప్టెంబర్ 27 వరకు 148 రోజుల సమ్మె జరిగింది. స్ట్రీమింగ్‌లో పునఃప్రసారం అన్న మాటే లేదు, కథ ఎప్పుడూ అక్కడే ఉంటుంది, ఎందరు చూశారో అప్పట్లో సంస్థ చెప్పేది కాదు. పైగా కృత్రిమ మేధ. మనిషి జీవితాన్ని యంత్రం కథగా అల్లి వేదిక మీద అమ్మేసే 'బ్లాక్ మిరర్' ఎపిసోడ్ ఆ జూన్‌లోనే, రచయితలు ప్లకార్డులు పట్టుకుని నిలబడి ఉండగా, నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. చివరికి కుదిరిన ఒప్పందంలో యంత్రాన్ని రచయితగా లెక్కించకూడదన్న షరతు ఉంది. బృందంలో కనీసం ఇంతమంది రచయితలు ఉండాలన్న షరతు ఉంది. విడుదలైన 90 రోజుల్లో దేశంలోని చందాదారుల్లో అయిదో వంతు మంది చూస్తే రచయితకు అదనపు వాటా ఉంది. చూసేవాళ్ళ లెక్క రచయిత చెక్కులోకి రావడం స్ట్రీమింగ్‌లో ఇదే మొదలు.

మన దేశంలో 2012 కాపీరైట్ సవరణ సినిమాకు రాసిన కథ, పాటల రచయితలకు థియేటర్ బయటి రాబడిలో సమాన రాయల్టీ హక్కు ఇచ్చింది, దాన్ని నిర్మాతకు రాసిచ్చేయడానికి కూడా వీల్లేదంది. పాటల రచయితల వాటా వసూలుకు సంఘం దశాబ్దాలుగా ఉంది. కథ, మాటలు రాసేవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ హక్కు ఇంకా చాలావరకు చట్టం పుస్తకంలోనే ఉంది. వెర్ట్యూ లాంటి ఏజెంట్లు మన రచయితలకు లేరు. ఆ పని వాళ్ళ సంఘాలే చేయాలి.