8 లక్షల బ్యాండేజీలు ఇస్తేనే తెరుచుకునే తలుపు

బీటెక్‌లో ప్రాజెక్ట్ కోసం ఒక చిన్న మల్టీప్లేయర్ గేమ్ చేశాను. అందరూ కలిసి సరుకు పోగెయ్యాలి, అదే టాస్క్. ఆడింది పదిమంది. ఇద్దరే మొత్తం తెచ్చేశారు, మిగతా ఎనిమిదిమంది ఫోన్ పక్కన పడేశారు. తప్పెక్కడో 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' చరిత్ర చదివాకే అర్థమైంది.

2006 జనవరి. ఆ గేమ్‌లో అన్‌కిరాజ్ అనే కోట తలుపులు మూసి ఉన్నాయి. తెరవాలంటే సర్వర్‌లోని రెండు శత్రు వర్గాలు, అలయన్స్, హోర్డ్, ఎవరి వాటా సరుకు వాళ్లు నింపాలి. లోహపు కడ్డీలు, మూలికలు, తోళ్లు, వండిన తిండి, బ్యాండేజీలు. అలయన్స్ ఇవ్వాల్సిన లినెన్ బ్యాండేజీలే 8 లక్షలు!

డిజైనర్ల తెలివి చూడండి. లినెన్ గుడ్డ చిన్న లెవెల్ శత్రువుల దగ్గరే దొరుకుతుంది. అంటే నిన్న చేరినవాడూ పనికొస్తాడు. టైమ్ లేనివాడు వేలంలో కొని ఇస్తాడు, కొత్తవాడు అమ్ముకుని నాలుగు నాణేలు సంపాదిస్తాడు. పైగా మన వాటా పూర్తయినా అవతలివాళ్లది ఆగితే తలుపు తెరుచుకోదు. శత్రువు కూడా పూర్తిచెయ్యాలని మనమే కోరుకోవాలి!

లోపం లేదా? ఉంది. చివర్లో గంట మోగించే వేళకి జనమంతా ఒకేచోట చేరితే సర్వర్లు తట్టుకోలేక పడిపోయాయి.

అయినా నాకు దొరికిన పాఠం ఇదీ: బరువు ఇద్దరు మోయలేనంత ఉండాలి, మూట మాత్రం కొత్తవాడూ ఎత్తగలిగేలా ఉండాలి. నా గేమ్‌లో ఆ రెండూ లేవు. మళ్లీ రాస్తున్నా. కలుద్దాం!